స్టూడియో లేకుండా ఆండ్రాయిడ్ ఎస్‌డీకే: 8 జీబీ లాప్‌టాప్‌లో ఎస్‌డీకే మేనేజర్ దగ్గరే ఆగిపోయింది

తొలిబిల్డ్:

లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, విండోస్ 11. సీ డ్రైవ్‌లో 14 జీబీయే మిగిలింది, డీ డ్రైవ్‌లో కావలసినంత ఖాళీ. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే ఇంకేదీ కదలట్లేదు. అందుకని స్టూడియో తీసేసి, కమాండ్‌లైన్ టూల్స్ మాత్రం దించుకుని, కోడ్ వీఎస్ కోడ్‌లో రాసి, ఫోన్‌లోకి నేరుగా ఎక్కించాలనుకుంటున్నాను. ఎమ్యులేటర్ అక్కర్లేదు.

ఇప్పటిదాకా చేసింది ఇదీ. జిప్‌ని డీ:\ఆండ్రాయిడ్\ఎస్‌డీకే లోకి విప్పాను. ఎస్‌డీకే మేనేజర్ (ఎస్‌డీకే, అంటే యాప్ తయారీ సామగ్రి, అందులోని భాగాలను దించే టూల్) నడిపితే క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0 అట, ఈ జావా 52.0 వరకే గుర్తిస్తుందట. సరే అని జావా 21 వేశాను. అయినా అదే ఎర్రర్, అక్షరం మారలేదు. ఒక్క టెర్మినల్ విండోలో జావా_హోమ్‌ని (జావా ఎక్కడుందో చెప్పే వేరియబుల్) 21కి తిప్పి నడిపితే ఆ ఎర్రర్ పోయింది కానీ "కుడ్ నాట్ డిటర్మిన్ ఎస్‌డీకే రూట్" అని కొత్తది మొదలైంది.

ఇంకోటి, పాత్‌లోకి (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) బిన్ ఫోల్డర్‌ని సెట్‌ఎక్స్ కమాండ్‌తో కలిపాను. అప్పట్నుంచి పైథాన్ కమాండ్ దొరకట్లేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

బిల్డ్ చేయాల్సింది గిట్‌హబ్ నుంచి తెచ్చుకున్న ప్రాజెక్ట్. ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.2, గ్రాడిల్ (బిల్డ్ చేసే టూల్) 8.2, కంపైల్ ఎస్‌డీకే 34 అని ఉన్నాయి అందులో.

నల్లతెర:

సంబంధం ఉంది. మీ దగ్గర మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, విడదీసి చూద్దాం. కమాండ్లు, ఫోల్డర్ పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే వాడండి, పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందు జావా. ఆ ఎర్రర్‌లో వచ్చే అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. కాబట్టి ఎస్‌డీకే మేనేజర్‌కి 17 కావాలి, దానికి దొరికింది మాత్రం 8. మీరు 21 వేసినా మారకపోవడానికి కారణం, ఎస్‌డీకే మేనేజర్ గానీ గ్రాడిల్‌ని పిలిచే గ్రాడిల్‌డబ్ల్యూ గానీ మొదట చూసేది జావా_హోమ్‌నే. అది ఖాళీగా ఉంటేనే పాత్‌లో వెతుకుతాయి. మీ జావా_హోమ్ పాత 8 వైపే చూస్తోంది, కొత్తది ఇన్‌స్టాల్ అయినా అది దానంతటది తిరగదు. పాత్ సంగతి కూడా అంతే. విండోస్‌లో సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ వెనక. పాత జావా 8 ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్‌లో జావాపాత్ అనే ఫోల్డర్ పెట్టి పోతుంది. యూజర్ పాత్‌లో మీరు ఎంత పైన పెట్టుకున్నా దాని తర్వాతే.

మీకు 21 కూడా వద్దు, 17 పెట్టండి. మీ ప్రాజెక్ట్ గ్రాడిల్ 8.2. జావా 21 మీద గ్రాడిల్ నడవాలంటే 8.5 ఉండాలి. ఇప్పుడున్నట్టే ముందుకెళ్తే ఎస్‌డీకే మేనేజర్ బాగానే నడిచి, బిల్డ్ దగ్గర "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని ఆగుతుంది. ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.0 నుంచి 17 తప్పనిసరి. మీ సెటప్‌లో అందరికీ సరిపడే ఒక్క అంకె అదే.

ఎడాప్టియం వాళ్ల టెమూరిన్ 17 జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) తీసుకోండి. ఇన్‌స్టాలర్ కాకుండా జిప్ తీసుకుంటే నయం, డీ డ్రైవ్‌లో విప్పి పెట్టుకుంటే చాలు, ఎవరి పాత్‌నీ గెలకదు. జావా_హోమ్ విలువ జేడీకే ఫోల్డర్ వరకే ఉండాలి, చివర బిన్ రాయకూడదు. రాస్తే "జావా_హోమ్ ఈజ్ సెట్ టు యాన్ ఇన్‌వాలిడ్ డైరెక్టరీ" అంటుంది. అది చూసి జేడీకే పాడైందని మళ్లీ దించుకుంటారు చాలామంది. పాడవలేదు. ఆ స్క్రిప్ట్ తనే వెనక బిన్ తగిలించుకుని వెతుకుతుంది, అంతే.

రెండోది రూట్ ఎర్రర్. జిప్ విప్పితే సీఎండీలైన్-టూల్స్ అనే ఫోల్డర్, అందులో బిన్, లిబ్ వస్తాయి. అది అలాగే వదిలేస్తే పని చేయదు. మధ్యలో లేటెస్ట్ అని ఒక అంతస్తు ఉండాలి:

డీ:\ఆండ్రాయిడ్\ఎస్‌డీకే\సీఎండీలైన్-టూల్స్\లేటెస్ట్\బిన్
డీ:\ఆండ్రాయిడ్\ఎస్‌డీకే\సీఎండీలైన్-టూల్స్\లేటెస్ట్\లిబ్

ఎస్‌డీకే మేనేజర్ తానున్న చోటు నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్లి రూట్ ఏదో తేల్చుకుంటుంది. ఒక అంతస్తు తగ్గితే లెక్క తప్పుతుంది. రెండు గీతల ఎస్‌డీకే_రూట్ ఆప్షన్ ఇచ్చి తప్పించుకోవచ్చు, కానీ ప్రతిసారీ ఇవ్వాలి. ఒక్కసారి ఫోల్డర్ జరిపేస్తే గొడవ వదులుతుంది.

మూడోది పైథాన్. సెట్‌ఎక్స్‌తో పాత్ రాయమని చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, దయచేసి ఎవరూ చేయకండి. ఆ కమాండ్ 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పైగా సిస్టమ్ పాత్, యూజర్ పాత్ రెండూ కలిపిన తాడును తెచ్చి యూజర్ పాత్‌లో పడేస్తుంది. ఆ తాడులో సిస్టమ్‌వి ముందుంటాయి కాబట్టి తెగిపోయేది తోకే, అంటే యూజర్ పాత్‌లో ఉన్నవి. పైథాన్ సాధారణంగా అక్కడే ఉంటుంది. సిస్టమ్ పాత్ చెక్కుచెదరలేదు, కంగారు పడక్కర్లేదు. స్టార్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ అని కొట్టి, "మీ ఖాతా వేరియబుల్స్" విండో తెరిచి, యూజర్ పాత్‌లో పోయిన పైథాన్ వరసలు మళ్లీ చేర్చండి. సిస్టమ్ నుంచి వచ్చిపడ్డ నకళ్లు తీసేయండి. ఆ విండోలోనే ఇవి కూడా:

జావా_హోమ్ = జేడీకే 17 ఫోల్డర్
ఆండ్రాయిడ్_హోమ్ = డీ:\ఆండ్రాయిడ్\ఎస్‌డీకే
పాత్‌కి రెండు కొత్త వరసలు: ఎస్‌డీకే కింద సీఎండీలైన్-టూల్స్\లేటెస్ట్\బిన్, ఇంకా ప్లాట్‌ఫామ్-టూల్స్

ఆండ్రాయిడ్_ఎస్‌డీకే_రూట్ అనే పాత వేరియబుల్ ఎక్కడైనా ఉంటే తీసేయండి. రెండూ ఉండి వేర్వేరు చోట్లు చూపిస్తే ఏది నమ్మాలో తెలియక బిల్డ్ ఆగుతుంది. తర్వాత తెరిచి ఉన్న టెర్మినళ్లు, వీఎస్ కోడ్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తెరిచి ఉన్న విండోకి కొత్త విలువలు అందవు. "సెట్ చేశా కానీ పని చేయట్లేదు" అని వచ్చే ప్రశ్నల్లో సగం ఇవే.

ఇక దించాల్సినవి:

ఎస్‌డీకేమేనేజర్ "ప్లాట్‌ఫామ్-టూల్స్" "ప్లాట్‌ఫామ్స్;ఆండ్రాయిడ్-34" "బిల్డ్-టూల్స్;34.0.0"
ఎస్‌డీకేమేనేజర్ --లైసెన్సెస్

కోట్స్ తప్పనిసరి. పవర్‌షెల్‌లోనూ లినక్స్ షెల్‌లోనూ సెమీకోలన్ అంటే కమాండ్ అయిపోయిందని అర్థం. కోట్స్ లేకపోతే ఆండ్రాయిడ్-34 అనే ప్రోగ్రామ్ కోసం వెతుకుతుంది. లైసెన్సులకు వరసగా వై కొట్టుకుంటూ పోవడమే. అయ్యాక ఎస్‌డీకే కింద లైసెన్సెస్ అనే ఫోల్డర్ పుట్టిందో లేదో చూడండి. ఇదంతా ఒక జీబీ లోపే. అసలు బరువు ఎస్‌డీకేది కాదు, గ్రాడిల్ దించి దాచుకునే ఫైళ్లది, అంటే గ్రాడిల్ క్యాష్‌ది.

ర్యామ్ పిసినారి:

పైన అన్న చెప్పినదానికి కొనసాగింపు. 8 జీబీలో స్టూడియో తీసేసినంత మాత్రాన సుఖపడరు, గ్రాడిల్‌ని కూడా అదుపులో పెట్టాలి.

ముందు గ్రాడిల్ క్యాష్‌ని సీ నుంచి తప్పించండి. డిఫాల్ట్‌గా అది యూజర్ ఫోల్డర్‌లో చుక్క గ్రాడిల్ పేరుతో పెరుగుతూ పోతుంది, నాలుగు ప్రాజెక్టులు బిల్డ్ చేస్తే జీబీలకు జీబీలు. గ్రాడిల్_యూజర్_హోమ్ అని ఒక వేరియబుల్ పెట్టి డీ:\గ్రాడిల్ అనండి. బిల్డ్ మొదలుపెట్టక ముందే పెడితే మళ్లీ దించుకోవాల్సిన పని ఉండదు.

ఆ డీ:\గ్రాడిల్‌లో గ్రాడిల్.ప్రాపర్టీస్ అనే ఫైల్ పెట్టి ఈ వరసలు రాయండి:

ఆర్గ్.గ్రాడిల్.జేవీఎమ్‌ఆర్గ్స్=-ఎక్స్ఎమ్ఎక్స్1536ఎమ్ -డీఫైల్.ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8
కోట్లిన్.డీమన్.జేవీఎమ్‌ఆర్గ్స్=-ఎక్స్ఎమ్ఎక్స్768ఎమ్
ఆర్గ్.గ్రాడిల్.వర్కర్స్.మ్యాక్స్=2

ఎక్స్ఎమ్ఎక్స్‌లో మొదటి ఎక్స్, ఫైల్ ముందున్న డీ పెద్దక్షరాలు. ఇక్కడ పెట్టిన విలువలు ప్రాజెక్ట్‌లోపలి గ్రాడిల్.ప్రాపర్టీస్ కంటే బలమైనవి కాబట్టి, ఎవరి ప్రాజెక్ట్ తెచ్చుకున్నా వాళ్ల 4 జీబీ సెట్టింగ్ మీ మెషిన్‌ని ముంచదు.

కోట్లిన్ వరస ఎందుకంటే, కంపైల్ చేసేది గ్రాడిల్ డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రాసెస్) కాదు, పక్కన ఇంకో జావా ప్రాసెస్ లేస్తుంది. విడిగా ఏమీ చెప్పకపోతే అది గ్రాడిల్‌కి ఇచ్చిన హద్దునే తనకూ తీసుకుంటుంది. స్టూడియో పుట్టించే ప్రాజెక్టుల్లో 2048 అని ఉంటుంది. అంటే రెండు ప్రాసెస్‌లు, ఒక్కోటి 2 జీబీ వరకు పెరగొచ్చు. టాస్క్ మేనేజర్‌లో ఓపెన్‌జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ అని రెండు మూడు వరసలు కనబడితే ఇవే. బిల్డ్ అయ్యాక కూడా డీమన్ 3 గంటలపాటు అలాగే కూర్చుని ఉంటుంది, తర్వాతి బిల్డ్ వేగంగా అవడానికి. పని అయిపోతే గ్రాడిల్‌డబ్ల్యూ --స్టాప్ కొట్టండి.

ఇంకొక్క మాట. "గేమ్స్ వేగంగా ఆడాలంటే పేజింగ్ ఫైల్ ఆపేయండి" అనే చిట్కా ఎప్పుడో పాటించి ఉంటే ఇప్పుడు దాని ఫలితం కనబడుతుంది. ర్యామ్ ఇంకా మిగిలి ఉండగానే జావా "పేజింగ్ ఫైల్ ఈజ్ టూ స్మాల్" అని, 1455 నంబర్ ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది. మళ్లీ సిస్టమ్ మేనేజ్డ్‌కి మార్చండి, సీలో చోటు లేకపోతే డీ డ్రైవ్‌కి పెట్టండి.

నెట్ హాట్‌స్పాట్ మీదైతే గ్రాడిల్-రాపర్.ప్రాపర్టీస్ ఫైల్ తెరిచి డిస్ట్రిబ్యూషన్ యూఆర్‌ఎల్ చివర ఆల్ అని ఉందో బిన్ అని ఉందో చూడండి. ఆల్‌లో సోర్స్, డాక్యుమెంటేషన్ కూడా ఉంటాయి, బిల్డ్‌కి అవేవీ అక్కర్లేదు. బిన్‌గా మార్చండి. మధ్యలో నెట్ తెగితే గ్రాడిల్ కింద రాపర్\డిస్ట్స్ ఫోల్డర్‌లో సగం జిప్ మిగిలిపోయి, తర్వాత ఎన్నిసార్లు నడిపినా జిప్ ఎక్సెప్షన్ రావచ్చు. ఆ వెర్షన్ ఫోల్డర్ మొత్తం చెరిపేసి మళ్లీ నడపండి. లేదంటే జిప్‌ని ఫ్రెండ్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, అదే చోట పొడుగాటి అర్థంకాని పేరుతో ఉన్న లోపలి ఫోల్డర్‌లో పెట్టినా చాలు, తనే విప్పుకుంటుంది.

తొలిబిల్డ్:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. పైథాన్ తిరిగొచ్చింది, ఎస్‌డీకే మేనేజర్ నడిచింది, లైసెన్సులు అయ్యాయి. ప్రాజెక్ట్‌లో ఇప్పుడు రెండు ఇబ్బందులు.

1. "ఎస్‌డీకే డైరెక్టరీ లేదు" అంటూ సీ డ్రైవ్‌లో ఎవరిదో పేరున్న ఫోల్డర్ చూపిస్తోంది. ఆండ్రాయిడ్_హోమ్ ఎకో చేస్తే సరిగ్గానే డీ అని వస్తోంది. లోకల్.ప్రాపర్టీస్‌లో ఎస్‌డీకే.డీఐఆర్ వరస ఉంటే దాన్ని డీ:\ఆండ్రాయిడ్\ఎస్‌డీకే అని మార్చాను, ఇప్పుడు డీ:ఆండ్రాయిడ్ఎస్‌డీకే అని గీతలు మింగేసి అడుగుతోంది.

2. దాన్ని తాత్కాలికంగా తీసేసి గ్రాడిల్‌డబ్ల్యూ బిల్డ్ అంటే కంపైల్ అంతా అయ్యి, టెస్టుల దగ్గర "కుడ్ నాట్ ఫైండ్ ఆర్ లోడ్ మెయిన్ క్లాస్ ... గ్రాడిల్‌వర్కర్‌మెయిన్" అంటోంది. గ్రాడిల్ క్యాష్‌ని ఇంకా డీకి మార్చలేదు. విండోస్ ఖాతా పేరు తెలుగులో పెట్టుకున్నాను, దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

అచ్చుతప్పు:

వస్తుంది. రెండో ప్రశ్నకి జవాబు మీరే రాసేశారు.

ఖాతా తెలుగులో ఉంటే సీ:\యూజర్స్ కింద ఫోల్డర్ కూడా తెలుగు అక్షరాలతోనే పుడుతుంది. టెస్టులను గ్రాడిల్ తన ప్రాసెస్‌లో నడపదు, ఇంకో జావాని లేపుతుంది. ఆ కొత్త జావాకి ఇచ్చే గ్రాడిల్-వర్కర్ జార్ (జావా కోడ్ మూట) ఉండేది గ్రాడిల్ క్యాష్‌లో, అంటే మీ తెలుగు ఫోల్డర్ కింద. పాత్ ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి చేరేలోపు విండోస్ పాత కోడ్‌పేజీలో పడి తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. జార్ దొరకదు, కాబట్టి అందులోని మెయిన్ క్లాసూ దొరకదు. అసెంబుల్‌డీబగ్ మాత్రమే నడిపితే ఈ ఎర్రర్ రాదు, టెస్టులు ఉండవు కాబట్టి. అందుకే చాలామందికి ఇది నెలల తర్వాత కనబడి, టెస్ట్ కోడ్‌లో తప్పుందనుకుంటారు.

పరిష్కారం పైన చెప్పినదే: గ్రాడిల్_యూజర్_హోమ్‌ని డీ:\గ్రాడిల్‌కి మార్చడం. మీరు చోటు కోసం వాయిదా వేసుకున్నారు గానీ మీ విషయంలో అది తప్పనిసరి. కొన్ని లైబ్రరీలు తమ డీఎల్‌ఎల్‌లను టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటాయి, అదీ మీ యూజర్ ఫోల్డర్ కిందే ఉంటుంది. కాబట్టి టెంప్, టీఎంపీ వేరియబుల్స్ రెండింటినీ కూడా డీ:\టీఎంపీకి తిప్పండి, ముందు ఆ ఫోల్డర్ పుట్టించాలి. సెట్టింగ్స్‌లో ఖాతా పేరు ఇంగ్లీషుకి మారిస్తే చాలనుకోకండి. మారేది లాగిన్ తెర మీద కనబడే పేరే, ఫోల్డర్ పేరు పాతదే ఉంటుంది.

ప్రాజెక్ట్ ఫోల్డర్‌కి కూడా తెలుగు పేరు వద్దు. అక్కడైతే ఆండ్రాయిడ్ ప్లగిన్ ముందే పట్టుకుని, పాత్‌లో నాన్-ఆస్కీ అక్షరాలున్నాయని బిల్డ్ ఆపేస్తుంది. ఓవర్‌రైడ్‌పాత్‌చెక్ అని ఒక వరస పెట్టి దాని నోరు మూయించవచ్చని అదే చెప్తుంది, కానీ మూయించాక తర్వాత ఎక్కడ పగులుతుందో చెప్పదు. ఫోల్డర్ పేరు మార్చడమే తేలిక. ఖాళీలున్న పేర్లు కూడా వద్దు, రేపు ఎన్‌డీకే (సీ, సీ++ కోడ్ కోసం ఉండే కిట్) వాడాల్సి వస్తే అక్కడ ఆగుతారు.

ఇవన్నీ ఫోల్డర్ల గురించే. యాప్ లోపల స్ట్రింగ్స్ ఎక్స్ఎమ్ఎల్‌లో తెలుగు హాయిగా రాసుకోండి, దానికి ఏ ఇబ్బందీ లేదు. టెస్టులో తెలుగు వాక్యాన్ని ఫైల్ నుంచి చదివి పోల్చే పని ఉంటే మాత్రం జాగ్రత్త. విండోస్‌లో జావా 17 డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 కాదు, 18 నుంచి అలా అయింది. పైన పిసినారి గారు ఇచ్చిన ఫైల్.ఎన్‌కోడింగ్ గ్రాడిల్ డీమన్ కోసం. మీ టెస్ట్ కోడ్‌లో ఫైల్ తెరిచే చోట యూటీఎఫ్-8 అని మీరే చెప్పడం మంచిది.

మొదటి ప్రశ్న. లోకల్.ప్రాపర్టీస్ ఉంటే ఆండ్రాయిడ్_హోమ్‌ని ఎవరూ అడగరు, ఫైల్ మాటే చెల్లుతుంది. అది ఒక్కో మెషిన్‌కి సంబంధించిన ఫైల్, గిట్‌లోకి ఎక్కకూడదు. ఆ ప్రాజెక్ట్ పెట్టినవాళ్లు పొరపాటున ఎక్కించారు. గీతల సంగతి: జావా ప్రాపర్టీస్ ఫైల్‌లో వెనక్కి వాలిన గీతకు వేరే అర్థం ఉంది, ఒంటిగా రాస్తే మింగేస్తుంది. ఆ గీత వెనక చిన్న టీ వస్తే ట్యాబ్ అవుతుంది, చిన్న యూ వస్తే ఫైలే చదవనని "మాల్‌ఫార్మ్డ్" అంటుంది. రెండేసి గీతలు రాయొచ్చు, లేదా ముందుకు వాలిన గీత వాడొచ్చు:

ఎస్‌డీకే.డీఐఆర్=డీ:/ఆండ్రాయిడ్/ఎస్‌డీకే

లేదూ, ఆ ఫైల్ చెరిపేసి ఆండ్రాయిడ్_హోమ్‌కే వదిలేయండి.

కేబుల్ బాబాయి:

బిల్డ్ అయ్యాక ఫోన్ దగ్గర ఎలాగూ ఆగుతారు కాబట్టి ముందే రాసి పెడుతున్నా.

ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. కొన్ని ఫోన్లలో బిల్డ్ నంబర్ బదులు కంపెనీ పెట్టిన ఓఎస్ వెర్షన్ వరస మీద నొక్కాలి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ తగిలించి, ఏడీబీ డివైసెస్ కొట్టండి (ఏడీబీ అంటే లాప్‌టాప్ నుంచి ఫోన్‌తో మాట్లాడే టూల్). ఏం వచ్చిందో దాన్నిబట్టి:

ఏమీ రాలేదు: ముందు కేబుల్ మార్చండి. ఛార్జర్‌తో వచ్చే చవక కేబుళ్లలో కొన్నిటికి డేటా తీగలే ఉండవు. ఫోన్ ఛార్జ్ అవుతుంది, లాప్‌టాప్‌కి మాత్రం కనబడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోన్ ఫోటోలు కనబడితే కేబుల్ మంచిదే, అప్పుడు లోపం డ్రైవర్‌ది. విండోస్‌లో ఫోన్ కంపెనీ ఇచ్చే యూఎస్‌బీ డ్రైవర్ వేయాలి. పిక్సెల్ ఫోన్లకైతే "ఎక్స్‌ట్రాస్;గూగుల్;యూఎస్‌బీ_డ్రైవర్" అని ఎస్‌డీకే మేనేజర్‌తోనే దించుకోవచ్చు.

అన్‌ఆథరైజ్డ్: ఫోన్ తెర చూడండి, ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని అడుగుతూ ఉంటుంది. తెర లాక్ అయి ఉంటే ఆ పెట్టె కనబడదు. కనబడకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో రివోక్ నొక్కి, కేబుల్ తీసి పెట్టండి.

"సర్వర్ వెర్షన్ డజ్ నాట్ మ్యాచ్ దిస్ క్లయింట్": మెషిన్‌లో రెండు ఏడీబీలు ఉన్నాయి. ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూపించే ప్రోగ్రామ్‌లు కొన్ని తమ సొంత ఏడీబీ తెచ్చుకుంటాయి. 5037 పోర్ట్ ఒక్కటే కదా, ఒకదాన్ని ఇంకోటి చంపుకుంటూ ఉంటాయి. వేర్ ఏడీబీ అని సీఎండీ విండోలో కొడితే ఏవేవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. పాతదాన్ని పాత్ నుంచి తీసేయండి.

డివైస్ అని వచ్చిందంటే సిద్ధం. గ్రాడిల్‌డబ్ల్యూ ఇన్‌స్టాల్‌డీబగ్, ఇందులో డీ పెద్దక్షరం. "ఇన్‌స్టాల్_ఫెయిల్డ్_యూజర్_రిస్ట్రిక్టెడ్" వస్తే డెవలపర్ ఆప్షన్స్‌లో "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అనే మరో మీట ఉందేమో చూడండి. కొన్ని కంపెనీల ఫోన్లలో డీబగ్గింగ్ వేరు, ఇన్‌స్టాల్‌కి అనుమతి వేరు. ఆ మీట ఆన్ చేయడానికి సిమ్ వేసి వాళ్ల ఖాతాతో లాగిన్ అవ్వమంటాయి కొన్ని.

పోర్ట్ వదులైపోయి కేబుల్ నిలవని ఫోన్ అయితే, ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది. ఏడీబీ పెయిర్ అని ఫోన్ చూపించే ఐపీ, పోర్ట్ కొట్టి ఆరంకెల కోడ్ ఇవ్వాలి. ఆ తర్వాత ఏడీబీ కనెక్ట్. ఈ రెండింటికీ పోర్ట్ నంబర్లు వేరు. పెయిర్ పోర్ట్ ఆ చిన్న పెట్టెలో ఉంటుంది, కనెక్ట్ పోర్ట్ వెనకున్న పెద్ద పేజీలో ఉంటుంది. తొంభై శాతం తప్పు ఇక్కడే.

పెంగ్విన్ పల్లె:

ఇంత గోల ఎందుకు, ఉబుంటు వేసుకుంటే సరి.

నల్లతెర:

వేసుకుంటే ర్యామ్ కాస్త మిగులుతుంది, ఒప్పుకుంటా. గోల తగ్గదు, రకం మారుతుంది. ఏపీటీలో (ఉబుంటు ప్యాకేజీలు దించే టూల్) దొరికే ఆండ్రాయిడ్-ఎస్‌డీకే ప్యాకేజీ పాతది, దాన్ని వేసుకుంటే రూట్‌కి చెందిన ఫోల్డర్‌లో పడి "ఎస్‌డీకే డైరెక్టరీ ఈజ్ నాట్ రైటబుల్" అంటుంది. అక్కడా గూగుల్ జిప్ తెచ్చి హోమ్‌లో విప్పుకోవడమే. ఫోన్ తగిలిస్తే "నో పర్మిషన్స్, మిస్సింగ్ యూడెవ్ రూల్స్" అనొచ్చు, దానికి ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్ అనే ప్యాకేజీ వేయాలి. ఏపీటీ నుంచి పనికొచ్చేది అదొక్కటే. విండోస్‌లో తయారైన ప్రాజెక్ట్ అయితే గ్రాడిల్‌డబ్ల్యూ ఫైల్‌కి నడిచే అనుమతి లేకపోవడం, వరస చివర విండోస్ గుర్తులు మిగలడం మామూలే. సీహెచ్‌మోడ్‌తో ఎక్స్ అనుమతి, డాస్2యూనిక్స్‌తో గుర్తులు సరిచేసుకోవచ్చు.

డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే నడిచే లినక్స్) చేద్దామనుకుంటే ప్రాజెక్ట్‌ని ఎంఎన్‌టీ కింద సీ డ్రైవ్‌లో ఉంచి బిల్డ్ చేయకండి, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి కాబట్టి నత్తనడక. 8 జీబీలో డబ్ల్యూఎస్‌ఎల్ కూడా ఎందుకులెండి.

పెంగ్విన్ పల్లె:

సరే, యూడెవ్ సంగతి నిజమే. ఒకటి చేరుస్తా: గిట్‌హబ్ నుంచి తెచ్చిన ప్రాజెక్టుల్లో గ్రాడిల్ ఫోల్డర్ కింద రాపర్ జార్ ఉందో లేదో చూసుకోండి. గిట్ఇగ్నోర్‌లో జార్‌లన్నీ వద్దని రాసేసినవాళ్ల ప్రాజెక్టుల్లో అది ఉండదు. అప్పుడు "గ్రాడిల్‌రాపర్‌మెయిన్ దొరకలేదు" అంటుంది. పేరు పైన వచ్చిన గ్రాడిల్‌వర్కర్‌మెయిన్ లాగే ఉంటుంది కానీ రోగం వేరు. విడిగా గ్రాడిల్ ఒకటి దించుకుని ఆ ఫోల్డర్‌లో గ్రాడిల్ రాపర్ --గ్రాడిల్-వెర్షన్ 8.2 అంటే జార్ మళ్లీ పుడుతుంది.

తొలిబిల్డ్:

బిల్డ్ అయింది, టెస్టులు కూడా. అవుట్‌పుట్స్ కింద యాప్-డీబగ్ ఏపీకే కనబడింది. ఏడీబీలో డివైస్ అని వస్తోంది. ఇన్‌స్టాల్ దగ్గర మాత్రం "అప్‌డేట్_ఇన్‌కంపాటిబుల్". ఈ యాప్‌నే ఇదివరకు ఫ్రెండ్ లాప్‌టాప్ నుంచి ఇదే ఫోన్‌లో వేశాం.

కేబుల్ బాబాయి:

అదే కారణం. డీబగ్ ఏపీకే మీద సంతకం పెట్టేది యూజర్ ఫోల్డర్‌లో చుక్క ఆండ్రాయిడ్ కింద ఉండే డీబగ్.కీస్టోర్. అది ఒక్కో మెషిన్‌లో విడిగా పుడుతుంది. ఫోన్‌లో ఉన్నదాని సంతకం ఫ్రెండ్‌ది, ఇప్పుడు మీరు పంపేదాని సంతకం మీది. పాతదాన్ని తీసేయాలి: ఏడీబీ అన్‌ఇన్‌స్టాల్, పక్కన యాప్ ఐడీ. యాప్ ఐడీ అంటే యాప్ ఫోల్డర్‌లోని బిల్డ్ ఫైల్‌లో అప్లికేషన్‌ఐడీ దగ్గర రాసింది. యాప్‌లో దాచుకున్న డేటా కూడా దాంతోపాటే పోతుంది. కావాలంటే ముందు ఫ్రెండ్ మెషిన్ నుంచి ఆ కీస్టోర్ ఫైల్ తెచ్చి మీదాని స్థానంలో పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి, అప్పుడు తీసేయక్కర్లేదు.